వారంలో ఇంటికెళ్లిపోయేదెవరు, ఏళ్ల తరబడి వీధిలో మిగిలిపోయేదెవరు

16 నుంచి 24 ఏళ్ల పిల్లలు వచ్చే రాత్రి షెల్టర్‌లో కొత్తగా చేరాననీ, వచ్చినవాళ్లలో ఎవరు త్వరగా బయటపడతారో, ఎవరు దీర్ఘకాలం నిరాశ్రయులుగా ఉండిపోతారో ముందే ఎలా తెలుసుకోవాలనీ మీరు అడిగారు. ప్రమాద కారకాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ జాబితా ఒక్కటే పట్టుకుని పనిచేస్తే, గట్టిగా మాట్లాడగలిగినవాడికి మంచం ముందు దొరుకుతుంది, అసలు ప్రమాదంలో ఉన్న పిల్ల చడీచప్పుడు లేకుండా మూడో రోజు మాయమైపోతుంది. అందుకే కారకాలతో పాటు అవి ఏ వరుసలో పనిచేస్తాయో కూడా రాస్తున్నాను.

మొదట ఒక తేడా మనసులో పెట్టుకోండి. ఇంట్లోంచి బయటికి నెట్టే కారణాలు వేరు, బయటే ఉంచేసే కారణాలు వేరు. తల్లిదండ్రులతో గొడవ, ఇంట్లో డబ్బు కటకట, తల్లో తండ్రో మళ్లీ పెళ్లి చేసుకోవడం వంటివి ఎంతోమంది పిల్లల్ని గడప దాటిస్తాయి. వాళ్లలో ఎక్కువమంది కొద్ది రోజుల్లోనో వారాల్లోనో ఏదో ఒక కప్పు కిందికి చేరతారు. దీర్ఘకాలం మిగిలిపోయేవాళ్లలో కనిపించేది గొడవ తీవ్రత కాదు. చిన్న వయసులోనే మొదలవడం, మళ్లీ మళ్లీ జరగడం, తిరిగి వెళ్లగలిగే మనిషంటూ ఒక్కరూ మిగలకపోవడం. వీటికి తోడు, వీధిలో గడిచిన కాలమే ఒక ప్రమాద కారకం. నా దృష్టిలో అన్నింటిలోకీ పెద్దది అదే. అది ఆ పిల్లవాడి లక్షణం కాదు, మన ఆలస్యం వల్ల పెరిగేది.

'దీర్ఘకాలం' అనే మాటకి దేశానికో లెక్క ఉంది. అమెరికా గృహనిర్మాణ శాఖ లెక్కలో వరుసగా 12 నెలలు, లేదా 3 ఏళ్లలో కనీసం 4 సార్లు కలిపి 12 నెలలు వీధిలోనో అత్యవసర షెల్టర్‌లోనో గడిపి ఉండాలి, పైగా వైకల్యం ఉన్నట్టు రుజువు కావాలి. పెద్దల కోసం రాసిన ఈ లెక్క యువతకి సరిగా అతకదు. 19 ఏళ్ల పిల్ల ఈ వారం స్నేహితురాలి గదిలో, వచ్చే వారం తెలిసినవాళ్ల సోఫా మీద, మధ్యలో రెండు రాత్రులు బస్టాండులో ఉంటుంది. సోఫా మీది రాత్రులు ఆ లెక్కలోకి రావు. వైకల్యం ఉన్నా, ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి కాగితం ఉండదు. ఫలితంగా రెండేళ్లుగా ఇల్లు లేని మనిషి రికార్డులో 'కొత్త కేసు'గా కనిపిస్తుంది. యూరప్‌లో 2005 నుంచి వాడుతున్న ఈథోస్ వర్గీకరణ ఇక్కడ నయం. కప్పు లేనివాళ్లు, ఇల్లు లేనివాళ్లు, ఉన్న చోట భద్రత లేనివాళ్లు, ఉండతగని చోట ఉంటున్నవాళ్లు అని నాలుగు స్థితులుగా చూస్తుంది. మీ రిజిస్టర్‌లో ఏ పేర్లు వాడినా, పరాయి ఇళ్లలో తలదాచుకున్న రాత్రుల్ని మాత్రం తప్పకుండా లెక్కించండి.

ఇక కారకాలు. వయసుతో మొదలుపెడదాం. 2016లో కెనడా అంతటా 1,103 మంది నిరాశ్రయ యువతతో చేసిన సర్వేలో 40.1 శాతం మంది మొదటిసారి ఇల్లు కోల్పోయినప్పటికి 16 ఏళ్లు నిండలేదు. 15 ఏళ్ల పిల్లవాడికి అద్దె ఒప్పందం మీద సంతకం చేసే హక్కు లేదు, చట్టబద్ధంగా పని దొరకడం కష్టం. సహాయం అడిగితే తిరిగి ఆ ఇంటికే పంపుతారనో, పోలీసులకి అప్పగిస్తారనో భయం. అందుకని మన కంట పడకుండా తిరుగుతాడు. బడి పోతుంది. రక్షణ కోసం తనకంటే పెద్దవాళ్ల గుంపులో చేరతాడు, బతకడం వాళ్ల దగ్గరే నేర్చుకుంటాడు. 18 నిండి మన దగ్గరికి వచ్చేసరికి వీధి జీవితం మూడేళ్లు గడిచిపోయి ఉంటుంది. కాబట్టి 'ఇప్పుడు ఎన్ని రోజులైంది' అన్న ప్రశ్న కంటే 'మొట్టమొదటిసారి ఇంటి బయట పడుకున్నది ఎన్నో ఏట' అన్న ప్రశ్న ఎక్కువ చెబుతుంది.

రెండోది ప్రభుత్వ సంరక్షణలో పెరగడం. అనాథాశ్రమం కావచ్చు, పిల్లల వసతి గృహం కావచ్చు, ఫోస్టర్ కుటుంబం, అంటే ప్రభుత్వం అప్పగించిన పిల్లల్ని తాత్కాలికంగా పెంచే కుటుంబం, కావచ్చు. పై సర్వేలోనే 57.8 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు బాలల సంరక్షణ వ్యవస్థతో సంబంధం ఉంది. అమెరికాలో ఇలినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో ఫోస్టర్ సంరక్షణ నుంచి వయసు దాటి బయటికొచ్చినవాళ్లని ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనం ప్రకారం, 26 ఏళ్లకల్లా వాళ్లలో 31 నుంచి 46 శాతం మంది కనీసం ఒకసారి నిరాశ్రయులయ్యారు. సంరక్షణలో ఉండటమే దోషమని దీని అర్థం కాదు. ఆ పిల్లల్లోనూ ఎక్కువ ప్రమాదంలో ఉండేది చాలాసార్లు చోటు మారినవాళ్లు, సంరక్షణ నుంచే పారిపోయిన చరిత్ర ఉన్నవాళ్లు. చోటు మారిన ప్రతిసారీ ఒక బడి, ఒక టీచర్, ఒక స్నేహితుల గుంపు పోతాయి. పదిసార్లు మారిన పిల్లవాడికి 18వ పుట్టినరోజు నాటికి ఫోన్ చేయడానికి ఒక్క నంబరూ ఉండదు.

చట్టాలు ఈ గండాన్ని గుర్తించాయి. అమెరికాలో 2008 చట్టం రాష్ట్రాలు సంరక్షణని 21 వరకూ పొడిగించడానికి కేంద్ర నిధులు తెరిచింది. ఇంగ్లండ్‌లో సంరక్షణ నుంచి బయటికొచ్చినవాళ్లు కోరితే 25 ఏళ్ల దాకా వ్యక్తిగత సలహాదారు ఉంటారు. భారత్‌లో 2015 బాల న్యాయ చట్టం 18 నుంచి 21 మధ్య వయసువాళ్లకి అనంతర సంరక్షణని, అంటే సంరక్షణ గృహం వదిలాక అందే సాయాన్ని, నిర్వచించింది. అయినా పని దెబ్బతినేది ఒకే చోట. ప్రణాళిక కాగితం మీద ఉంటుంది, మంచం ఉండదు. 16వ ఏట మొదలుకావలసిన ఏర్పాట్లు పుట్టినరోజుకి రెండు వారాల ముందు మొదలవుతాయి. గుర్తింపు కార్డు, జనన ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అప్పటికి చేతిలో ఉండవు. అవి లేకుండా అద్దె గదీ రాదు, ఉద్యోగమూ రాదు.

జైలు, బాల నేరస్థుల గృహం, మానసిక ఆసుపత్రి, డీ-అడిక్షన్ కేంద్రం, వీటి నుంచి విడుదలకీ ఇదే వర్తిస్తుంది. బయటికొచ్చే తేదీ ముందే తెలుసు, వెళ్లే చోటు తెలియదు. విడుదల పత్రంలో చిరునామా గడిలో మీ షెల్టర్ పేరు రాసి పంపుతుంటే, ఆ సంస్థతో అసలైన చిరునామా గురించి మాట్లాడాల్సింది ఆ తేదీకి కనీసం 90 రోజుల ముందు. గేటు దగ్గర దిగాక మాట్లాడితే మిగిలేది ఒక రాత్రి మంచమే.

ముందుగా గుర్తించే సాధనం గురించి అడిగారు కాబట్టి ఒకటి చెప్తాను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ రైస్ 2013లో ఆరు ప్రశ్నల చిన్న పరికరం తయారుచేశాడు. ఇంటి నుంచి లేదా సంరక్షణ గృహం నుంచి పారిపోయి నిరాశ్రయులవడం, ఇంట్లో హింస వల్ల అవడం, తల్లిదండ్రులతో మత విశ్వాసాల్లో తేడా వల్ల అవడం, 12 ఏళ్లకో అంతకు ముందో గంజాయి తాగడం, 18 నిండకముందే నిర్బంధంలో గడపడం, గర్భం దాల్చడం లేదా మరొకరి గర్భానికి కారణమవడం. ఆరింట నాలుగు లేదా ఎక్కువ 'అవును'లు వస్తే ఆ మనిషికి శాశ్వత ఇల్లు, తోడు సాయం ముందు దక్కాలి అన్నది దాని ఉద్దేశం. ఇందులో మానసిక వ్యాధి పేరు ఒక్కటీ లేదు, ప్రస్తుత మద్యపానం లేదు. అన్నీ అప్పటిదాకా జీవితంలో, ఎక్కువగా బాల్యంలో, ఏం జరిగిందో చెప్పే ప్రశ్నలే. 12 ఏళ్లకే గంజాయి అనే చోట అసలు సంగతి గంజాయి కాదు. ఆ వయసులో ఆ పిల్లవాడి మీద కన్నేసి ఉంచిన పెద్దమనిషి లేడన్నదే సంగతి. ఈ తేడా గ్రహించకపోతే అదే ప్రశ్న పిల్లల్ని తప్పు పట్టే ప్రశ్నగా మారుతుంది.

మత్తు గురించి జనంలో బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. తాగుడు వల్లే రోడ్డున పడ్డారని. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో జాన్సన్, ఛాంబర్లేన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో నిరాశ్రయుల్లో 43 శాతం మందికి మత్తు సమస్య ఉంది. అందులో మూడో వంతుకే అది ఇల్లు పోకముందు నుంచీ ఉంది. మిగతా రెండు వంతులకి ఇల్లు పోయిన తర్వాత వచ్చింది. అలా తర్వాత మొదలైనవాళ్లలో యువతే ఎక్కువ. ఎందుకంటే రాత్రి మెలకువగా ఉండటానికి ఒకటి, పగలు నిద్రపోవడానికి ఒకటి, చలికి ఒకటి, గుంపులో ఒకడిగా ఉండటానికి ఒకటి కావాలి. అంటే యువత విషయంలో మత్తు చాలావరకు వీధిలో గడిచిన కాలం చేసిన పని. అది మొదలయ్యాక మాత్రం బయటపడటాన్ని బాగా ఆలస్యం చేస్తుంది. 'ముందు మానేయ్, తర్వాత గది' అనే షరతు అందుకే బెడిసికొడుతుంది. మానడానికి కావలసిన నిద్ర, తాళం వేసుకునే తలుపు, మందులు పెట్టుకునే చోటు ఆ గదిలోనే ఉన్నాయి.

మానసిక ఆరోగ్యంలోనూ ఇలాంటి చిక్కు ఉంది. సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, వాస్తవంతో సంబంధం తెగిపోవడం) లాంటి తీవ్రమైన జబ్బులు మొదటిసారి తలెత్తేది ఎక్కువగా 20 ఏళ్లకి అటూఇటూనే. నిద్రలేమి, భయం, మత్తు కలిసినా అలాంటి లక్షణాలే కనిపిస్తాయి. మొదటి రాత్రి చూసి ముద్ర వేయకండి. వరుసగా కొన్ని రాత్రులు నిద్రపోయాక మళ్లీ చూడండి. మనిషికి ప్రమాదమనిపిస్తే మాత్రం ఆ క్షణమే వైద్యుడి దగ్గరికి. ఇంకొకటి దాదాపు ఎవరూ అడగరు: తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పిందా? ఇంట్లో కొట్టుడు తిన్న పిల్లల్లో ఇది అరుదు కాదు. అపాయింట్‌మెంట్ మర్చిపోవడం, ఉన్నట్టుండి కోపం, రెండు పనులు చెబితే ఒకటే చేయడం, వీటిని సిబ్బంది 'మొండితనం' అని రాస్తారు. ఆ మాట ఫైలులో పడ్డాక ప్రతి కొత్త సంస్థా దాన్నే చదువుతుంది. నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం ఉన్నవాళ్లకీ ఇదే గతి పడుతుంది.

చదువు సంగతి. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చాపిన్ హాల్ 2017లో వెలువరించిన అమెరికా అధ్యయనంలో, 18–25 ఏళ్లవాళ్లలో పది మందిలో ఒకరు ఒక ఏడాదిలో ఏదో రూపంలో నిరాశ్రయులయ్యారు. హైస్కూల్ పూర్తిచేయని వాళ్లకి ఆ ప్రమాదం 346 శాతం ఎక్కువ, అంటే సుమారు నాలుగున్నర రెట్లు. పెళ్లి కాకుండా పిల్లలున్న యువ తల్లిదండ్రులకి 200 శాతం ఎక్కువ. స్వలింగ ఆకర్షణ గలవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి 120 శాతం ఎక్కువ. ఈ అంకెల్ని జాగ్రత్తగా వాడండి. ఇవి ఏడాదిలో ఒకసారైనా ఇల్లు పోయే ప్రమాదాన్ని కొలిచాయి, ఎంతకాలం పోతుందో కొలవలేదు. ఎక్కువకాలం వీధిలో మిగిలిపోవడానికీ వీటికీ సంబంధం వేరే దారిలో ఉంది. తన లైంగికత తెలిసి ఇంట్లోంచి గెంటేసిన పిల్లవాడికి తిరుగుదారి మూసుకుపోతుంది. షెల్టర్‌లోనూ ఎగతాళి, దౌర్జన్యం ఎదురైతే ఆ దారీ మూసుకుంటుంది. అప్పుడు మిగిలేది వీధి, లేదా 'నా దగ్గర ఉండు' అని పిలిచే అపరిచితుడు. పడక కోసం శరీరాన్ని ఇవ్వాల్సి వచ్చే పరిస్థితి ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

ఈ కారకాలేవీ నగరంలో మొత్తం ఎంతమంది నిరాశ్రయులుంటారో చెప్పవు. అది అద్దెలు, ఖాళీ ఇళ్లు, యువతకి వచ్చే జీతాలు తేలుస్తాయి. ఉన్న కొద్ది గదులు అందనిది ఎవరికి అన్నదే ఈ కారకాలు చెప్పేది. అందుకే ప్రమాద కారకాలున్న పిల్లల్ని 'సరిచేస్తే' సమస్య తీరుతుందని పైఅధికారులు అంటే ఒప్పుకోకండి.

ఇక అడిగే పద్ధతి. మొదటి రాత్రి భోజనం, స్నానం, నిద్ర, వయసు, ఇప్పుడు ఎవరి వల్లనైనా ప్రమాదముందా, మందులేమైనా వాడుతున్నావా. ఇంతకుమించి అడగొద్దు. మొదటి రాత్రి అడిగిన హింస ప్రశ్నకి 'లేదు' అనే జవాబే ఎక్కువగా వస్తుంది, ఆ 'లేదు' ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది. మూడో రోజు నుంచి పదో రోజు మధ్యలో, ఒకే సిబ్బంది, తలుపు వేసిన గదిలో అడగాలి. మొదటిసారి బయట పడుకున్న వయసు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఇల్లు పోయింది, మధ్యలో ఎక్కడెక్కడ ఉన్నావు. సంరక్షణలో ఉంటే ఎన్ని చోట్లు మారావు. ఆఖరిసారి వరుసగా బడికి వెళ్లిందెప్పుడు. జబ్బు చేసి ఆసుపత్రిలో పడితే ఎవరికి కబురు చేయాలి. ఈ చివరి ప్రశ్న మీద ఎక్కువసేపు ఉండండి. పేరు చెప్పడానికి తడుముకునేవాళ్లు, లేదా వీధిలో పరిచయమైన స్నేహితుడి పేరే చెప్పేవాళ్లు, మీ జాబితాలో పైకి రావాలి. అలాగే 'ఎవరికైనా బాకీ ఉన్నావా' అని అడగండి. చోటు ఇచ్చినందుకు బాకీ ఉన్నాననే మాట వస్తే దాని వెనక దోపిడీ ఉండొచ్చు. అక్కడ నెమ్మదిగా, ఒత్తిడి లేకుండా సాగాలి.

స్కోరు ఇచ్చే పరికరాలు వాడితే ఒక హద్దు పెట్టుకోండి. స్కోరు ఎవరిని ముందు చూడాలో చెప్పడానికే, ఎవరిని కాదనాలో చెప్పడానికి కాదు. ఉత్తర అమెరికాలో విపరీతంగా వాడిన వీఐ-స్పిడాట్ అనే ప్రశ్నావళికి ఇకపై మెరుగులు దిద్దబోమని, దాన్ని తయారుచేసిన సంస్థే 2020లో ప్రకటించింది. నల్లజాతివాళ్లకి తక్కువ స్కోర్లు వస్తున్నాయన్న విమర్శ అప్పటికే బలంగా ఉంది. తమని నమ్మని వ్యవస్థకి నిజం చెప్పనివాళ్లకి స్కోరు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

వేగం గురించి. మొదటి 72 గంటల్లో తిరిగి వెళ్లగలిగే సురక్షితమైన చోటు ఉందా లేదా తేల్చాలి. ఇల్లే కానక్కర్లేదు, అమ్మమ్మ, పిన్ని, పాత టీచర్, స్నేహితుడి తల్లి, ఎవరైనా. ఇంటికి పంపాలనుకుంటే ముందు పిల్లవాడితో ఒంటరిగా, తర్వాత పెద్దవాళ్లతో ఒంటరిగా, ఆ తర్వాతే కలిపి మాట్లాడాలి. హింస ఉన్నచోట రాజీ కూర్చోబెట్టకూడదు. పంపాక వారంలో ఒకసారి, నెలలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి కనుక్కోవాలి. చాలా సంస్థలు పంపిన రోజునే కేసు మూసేస్తాయి. వాడు మళ్లీ వచ్చినప్పుడు అది కొత్త కేసు అవుతుంది, రెండో విడత మొదలైన సంగతి ఎవరికీ కనిపించదు.

రెండు వారాల్లో గుర్తింపు పత్రాల దరఖాస్తులు అన్నీ వెళ్లిపోవాలి, బడి లేదా శిక్షణ కేంద్రంతో మాట్లాడి పేరు కొట్టేయకుండా ఆపాలి. ఇంతవరకూ దారి కనిపించకపోతే, పై కారకాల్లో రెండు మూడు ఉంటే, ఇంకా షెల్టర్‌లో ఉంచి 'సిద్ధం చేయడం' అనవసరం. నేరుగా ఇంటి వైపు నడపండి. కెనడాలో ఐదు నగరాల్లో జరిగిన 'ముందు ఇల్లు' ప్రయోగంలో 18–24 ఏళ్లవాళ్లని విడిగా చూస్తే, షరతుల్లేకుండా ఇల్లు, సాయం అందినవాళ్లు 65 శాతం రోజులు స్థిరమైన ఇంట్లో గడిపారు, మామూలు సేవలు అందినవాళ్లు 31 శాతం. యువతకి ఇల్లొక్కటే చాలదు కూడా. వంట, అద్దె తేదీ, పక్కింటివాళ్లతో తగాదా, ఒంటరితనంతో పాత గుంపుని గదిలోకి పిలవడం, అది చూసి ఇంటి యజమాని ఖాళీ చేయించడం, ఇవి మొదటి కొన్ని నెలల్లోనే వస్తాయి. న్యూయార్క్‌లో పుట్టిన క్రిటికల్ టైమ్ ఇంటర్వెన్షన్ పద్ధతి ఈ కాలానికి సరిపోతుంది. మొత్తం 9 నెలలు, మూడేసి నెలల మూడు దశలు. మొదట వర్కర్ తరచుగా వెళ్తాడు, రెండో దశలో ఆ ఊళ్లోని మనుషులు, సేవలు తన చోట నిలబడుతున్నారా అని పరీక్షిస్తాడు, మూడో దశలో తప్పుకుంటాడు. తప్పుకునే తేదీ మొదటి రోజే చెప్పాలి. చెప్పకుండా మాయమైన పెద్దవాళ్లు ఆ పిల్లల జీవితంలో అప్పటికే చాలామంది ఉంటారు.

షెల్టర్లు చేసే నష్టాల్లో పెద్దది గెంటేయడం. రాత్రి ఆలస్యంగా వచ్చాడని, వాదించాడని, మత్తులో వచ్చాడని నెల రోజుల నిషేధం వేస్తారు. నిషేధానికి గురయ్యేది ఎక్కువగా దెబ్బలు, సంరక్షణ గృహాలు, తలగాయాలు ఉన్నవాళ్లే, అంటే దీర్ఘకాల ప్రమాదంలో ఉన్నవాళ్లే. నిషేధం తప్పనిసరైతే గంటల్లో పెట్టండి, నెలల్లో కాదు. బయటికి పంపే ముందు ఆ రాత్రికి మరో చోటు ఖాయం చేయండి. రెండో నష్టం వయసు గీత. 25వ పుట్టినరోజుకి యువత సేవ ఆగుతుంది, పెద్దల సేవలో మళ్లీ వరుస చివర నిలబడాలి. కనీసం ఆరు నెలల ముందే పెద్దల వరుసలో పేరు ఎక్కించి, కొత్త వర్కర్‌తో రెండు మూడుసార్లు కలిపి కూర్చోబెట్టండి.

ఇవన్నీ మీ దగ్గరికి వచ్చాక చేసేవి. ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో బడుల ద్వారా పనిచేశారు. మొత్తం విద్యార్థులకి చిన్న ప్రశ్నావళి ఇచ్చి, ఇంట్లో ఇబ్బంది, బడి మీద విముఖత కలిసి కనిపించిన పిల్లల కుటుంబాలకి గొడవ ముదరకముందే సాయం పెట్టారు. మూడేళ్లలో ఆ బడుల నుంచి యువ నిరాశ్రయుల సేవల్లోకి వచ్చినవాళ్లు 40 శాతం తగ్గారు. మీ ప్రాంతంలో అంత పెద్ద ఏర్పాటు కుదరకపోయినా, వచ్చిన ప్రతి పిల్ల ఆఖరుగా చదివిన బడి పేరు రిజిస్టర్‌లో రాసుకోండి. ఏడాది తర్వాత రెండు మూడు బడుల పేర్లు పదే పదే కనిపిస్తే, అక్కడి కౌన్సెలర్‌ని కలవడానికి మీ దగ్గర కారణం ఉంటుంది.

ఆ రిజిస్టర్‌లో ఇంకో నాలుగు గళ్లు కలపండి: మొదటిసారి ఇల్లు పోయిన వయసు, ఇది ఎన్నో విడత, ఇక్కడికి రాకముందు ఏ సంస్థ నుంచి బయటికొచ్చారు, కబురు చేయగలిగిన పెద్దమనిషి పేరు. నెలకోసారి ఆఖరి గడి ఖాళీగా ఉన్నవాళ్లని, మూడో విడత దాటినవాళ్లని వేరుచేసి, వాళ్ల గురించి మాత్రమే ఒక గంట సమావేశం పెట్టండి.